కెమెరాకి వేగం ఒక్కటే కనిపిస్తుందా?

హైదరాబాదు వైపు కారు నడిపేవాళ్లలో 1,035 అనే అంకె తెలియనివాళ్లు తక్కువ. వేగంగా వెళ్లినందుకు వెయ్యి, యూజర్ చార్జీ కింద మరో 35. ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. అందులో లింకు, లింకులో ఫొటో. బండి మీద గురిపెట్టిన గుర్తు, పక్కన తేదీ, సమయం, అక్కడ అనుమతించిన వేగం, బండి పోయిన వేగం, స్పీడ్ గన్‌కీ బండికీ మధ్య దూరం మీటర్లలో. పోలీసు చెయ్యెత్తి ఆపింది లేదు, మాటామాటా అనుకున్నది లేదు. బతిమాలుకుందామన్నా ఎదురుగా మనిషి లేడు. యంత్రంలో న్యాయమంటే ఇదేనంటారు కొందరు. ఎమ్మెల్యే బామ్మర్ది బండైనా, మేస్త్రీ బండైనా దానికి ఒకటే. ఇంకొందరు ఇదే అన్యాయమంటారు. చెప్పుకుందామంటే చోటే లేదు.

పదేళ్లుగా నలుగుతున్న ఈ తగాదాలో ఇప్పుడు ఎవరు దేన్ని కాదంటున్నారో తెలియడం లేదు. ప్రాణాల లెక్క చెప్పేవాళ్లకు వసూళ్ల లెక్కతో జవాబు వస్తోంది. రోడ్డు బాగోలేదంటే నీ స్పీడు బాగుందా అని ఎదురు ప్రశ్న వస్తోంది. కెనడాలో, అమెరికాలో తెలుగువాళ్లు స్థిరపడిన శివారు పట్టణాల్లోనూ ఇదే గొడవ. ఈ పోగుల్ని విడదీసి చూడటానికి నంద్యాల–ఆళ్లగడ్డ దారి కంటే మంచి చోటు దొరకదు.

రెండు ఊళ్లు, ఒక హైవే

40వ నంబరు జాతీయ రహదారి కర్నూలులో బయల్దేరి పాణ్యం, నంద్యాల, శిరివెళ్ల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరు మీదుగా కడపకు, అక్కడి నుంచి చిత్తూరు దాటి తమిళనాడులోని రాణిపేటకు పోతుంది. పాతవాళ్లకు ఇది 18వ నంబరు రోడ్డు. కర్నూలు–కడప మధ్య నాలుగు వరుసలయ్యాక హైదరాబాదు నుంచి తిరుపతికి పోయే కార్లకు, రాత్రి బస్సులకు ఇదే రాజమార్గమైంది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమయ్యాక ఆఫీసు పనుల రాకపోకలూ దీనికే తోడయ్యాయి. అహోబిలం భక్తులు, బండల లారీలు, ధాన్యం ట్రాక్టర్లు, పిల్లల్ని కుక్కుకుని పోయే ఆటోలు, పాలక్యాన్లు కట్టుకున్న బైకులు, అన్నీ ఈ తారు మీదే.

అమెరికాలో శివారంటే ఇళ్ల కాలనీ, స్కూలు జోను. ఇక్కడ శివారంటే హైవే పక్కన ఊరు. ఇల్లు ఒకవైపు ఉంటే పొలం రెండోవైపు. డివైడర్‌లో సందు ఎక్కడో కిలోమీటరు అవతల ఉంటే, ఆ కిలోమీటరూ ఎదురుదారిన పోయే ట్రాక్టరు. దూరప్రయాణం కారుకు ఇది హైవే, ఊరివాళ్లకు ఇది వీధి. వేగపరిమితి మీద తగువంతా ఈ రెండు చూపుల మధ్యే.

ఈ దారిలో జరిగిన రెండు ప్రమాదాలను పక్కనపెట్టి ఈ చర్చ చెయ్యలేం. 2014 ఏప్రిల్ 23 రాత్రి ఎన్నికల ప్రచారం ముగించుకుని నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వస్తున్న అక్కడి అభ్యర్థి శోభా నాగిరెడ్డి కారు, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం కుప్ప దగ్గర అదుపు తప్పి బోల్తాకొట్టింది. ఆమె సీటుబెల్టు పెట్టుకోలేదు. మర్నాడు హైదరాబాదు ఆస్పత్రిలో కన్నుమూశారు. ఓటింగ్ యంత్రం మీద పేరు అలాగే ఉండిపోయింది, ఆళ్లగడ్డ ఆమెనే గెలిపించింది. ఇక 2024 మార్చిలో ఆళ్లగడ్డ మండలం నల్లగట్ల దగ్గర, తిరుపతి నుంచి తిరిగొస్తున్న సికింద్రాబాదు కుటుంబం కారు ఆగి ఉన్న లారీని గుద్దింది. కొత్తగా పెళ్లయిన జంటతో కలిపి అయిదుగురు పోయారు.

ఈ రెండింటిలో వేగం వాటా ఎంతో వాదించుకోవచ్చు. వేగం కాని సంగతులు మాత్రం కళ్లముందే ఉన్నాయి. ఒకచోట ధాన్యం, పెట్టుకోని బెల్టు. రెండోచోట రోడ్డు మీద ఆగిన లారీ.

చట్టం ఎక్కడిదాకా వచ్చింది

వేగాన్ని కొలిచే పరికరాల్లో పేరుమోసిన 'గాట్సో' పుట్టుక కొంచెం చిత్రమైనది. మారిస్ గాట్సోనిడెస్ అనే డచ్ రేసు డ్రైవరు తాను మలుపుల్లో ఇంకా వేగంగా ఎలా పోవచ్చో తెలుసుకోవడానికి దాన్ని తయారుచేసుకున్నాడు. 1992లో లండన్ దగ్గర ట్విక్నం వంతెన మీద బ్రిటన్ మొదటి స్పీడ్ కెమెరా పెట్టింది. ఇలాంటి పరికరాలు యూరప్, ఆస్ట్రేలియా, ఉత్తర అమెరికా దేశాల్లోనూ వాడుకలోకి వచ్చాయి.

మన దగ్గర చట్టబద్ధమైన పునాది 2019 మోటారు వాహనాల సవరణ చట్టంతో పడింది. అందులోని 136ఏ సెక్షన్ జాతీయ, రాష్ట్ర రహదారుల మీద ఎలక్ట్రానిక్ నిఘా పెట్టమంది. 183 సెక్షన్ కింద వేగానికి కార్ల వంటి తేలిక వాహనాలకు వెయ్యి నుంచి రెండు వేలు, బస్సులు లారీల వంటి వాటికి రెండు నుంచి నాలుగు వేలు జరిమానా ఖాయమైంది. ఆంధ్రప్రదేశ్ 2020 అక్టోబరులో తన జరిమానాలు పెంచుతూ ఉత్తర్వులిచ్చింది. 2021 ఆగస్టులో కేంద్రం కెమెరా చలానాలు ఎలా రాయాలో చెప్పే 167ఏ నిబంధన తెచ్చింది. 136ఏ అమలు నత్తనడక నడుస్తోందని 2024లో సుప్రీంకోర్టు రాష్ట్రాల వెంటపడింది.

ఈ 167ఏను శ్రద్ధగా చదివినవాళ్లు తక్కువ. తిట్టేవాళ్లకూ పొగిడేవాళ్లకూ అందులో సరుకు ఉంది. కెమెరా ఉన్నట్టు ముందే బోర్డు పెట్టాలి. పరికరానికి ఆమోద పత్రం ఉండాలి, దాన్ని ఏటా పునరుద్ధరించుకోవాలి. నేరం జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలి. నంబరు ప్లేటు స్పష్టంగా కనిపించే ఫొటో, కొలత, స్థలం, సమయం, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి చట్టం కోరే ధ్రువపత్రం, అన్నీ జతచెయ్యాలి. పది లక్షల జనాభా దాటిన నగరాలతోపాటు 132 నగరాల జాబితా కూడా జోడించారు. అందులో కర్నూలు ఉంది, కడప ఉంది. మధ్యలోని నంద్యాల ఆ జాబితాకెక్కలేదు కానీ, ప్రమాదాలు ఎక్కువుండే జాతీయ రహదారి భాగాలకు నిబంధన ఎలాగూ వర్తిస్తుంది.

ఇక వేగపరిమితి. 2018 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన గరిష్ఠాల ప్రకారం డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద కారుకు 100, బస్సుకు 90, లారీకి 80, బైకుకు 80, ఆటోకు 50. మున్సిపల్ పరిధిలోకి రాగానే కారు 70కి, బస్సూ లారీ బైకూ 60కి దిగాలి. ఈ గరిష్ఠాల లోపల రాష్ట్రాలు ఇంకా తగ్గించుకోవచ్చు. అంటే ఒకే చోట, ఒకే నిమిషంలో పక్కపక్కన పోయే అయిదు బండ్లకు నాలుగు లెక్కలు. రోడ్డు పక్కన బోర్డు మీద ఉండేది మాత్రం చాలాచోట్ల ఒకే అంకె. మున్సిపల్ హద్దు ఎక్కడ మొదలైందో పంచాయతీ కార్యదర్శికి తెలిసినట్టు కడప డ్రైవరుకు తెలియాలంటే ఎలా? నాలుగు వరుసల బైపాసు మున్సిపల్ హద్దులోకి వస్తే దానికి హైవే అంకె వర్తిస్తుందా, పట్టణం అంకెనా? చలానా మీద వివాదాలు పుట్టేది ఇక్కడే. యంత్రం కొలత సరిగ్గానే ఉండొచ్చు, ఏ అంకెతో పోల్చారన్నదే ప్రశ్న.

ప్రాణాల లెక్క

కెమెరా కావాలనేవాళ్ల బలం భౌతికశాస్త్రం. గంటకు 100 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. ఎదురుగా అడ్డం కనిపించి కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకుంటే, అప్పటికే 42 మీటర్లు అయిపోయాయి. పొడిరోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ఇంకో 55 మీటర్లు. 80 వేగంతో వస్తే మొత్తం 70 మీటర్ల లోపే ఆగుతుంది. ఇక్కడొక లెక్క చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. 80లో వచ్చిన కారు పూర్తిగా నిలబడిపోయే చోట, 100లో వచ్చిన కారు ఇంకా గంటకు 70 కిలోమీటర్ల పైన దూసుకుపోతూ ఉంటుంది. చీకట్లో లైట్లు లేకుండా ఆగిన లారీ వెనక ఈ తేడా ఏం చేస్తుందో విడమరచి చెప్పక్కర్లేదు. ఇంతా చేసి ఆ 20 కిలోమీటర్ల వేగం మిగిల్చేదెంత? నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు అనుకుంటే ఆరు నిమిషాలు.

పరిశోధనలూ చాలావరకు వీళ్ల పక్షమే. 2010లో కాక్రేన్ సంస్థ 35 అధ్యయనాలను ఒకచోట పెట్టి చూసింది. కెమెరాల చుట్టుపక్కల ప్రాణాంతక, తీవ్ర ప్రమాదాలు 11 నుంచి 44 శాతం తగ్గాయని తేల్చింది. తగ్గుదల ఉందన్నది గట్టి మాట. ఎంతన్నదే ఇంత వెడల్పుగా ఉంది. ఒక కారణం ఇది. ప్రమాదాలు బాగా ఎక్కువైన ఏడాదే కెమెరా పెడతారు, మరుసటి ఏడాది అవి ఎలాగూ కొంత తగ్గుతాయి, ఆ తగ్గుదల కూడా కెమెరా ఖాతాలో పడుతుంది.

బెంగళూరు–మైసూరు హైవే ఈ చిక్కుకు దగ్గరి ఉదాహరణ. పోలీసు లెక్కల్లో 2023లో అక్కడ 188 మంది పోతే 2024లో ఆ సంఖ్య 50కి దిగింది. కెమెరాల ఘనత అని అందరూ చెప్పుకున్నారు. కానీ 2023 ఆగస్టు 1 నుంచి బైకులు, ఆటోలు, ట్రాక్టర్లు ప్రధాన రోడ్డు ఎక్కకుండా ఆపేశారు కూడా. సర్వీసు రోడ్డున్న చోట అలా ఆపవచ్చు. ఊళ్లను ఒరుసుకుంటూ పోయే మన దారిలో బైకును ఎక్కడికి పొమ్మంటారు?

దేశం మొత్తం మీద 2022లో 1,68,491 మంది రోడ్ల మీద పోయారు. ఒక్క ఆంధ్రప్రదేశ్‌లో 8,293 మంది. చావుల్లో 71 శాతానికి అతివేగమే కారణమని కేంద్రం నివేదిక అంటుంది. ఈ 71 శాతాన్ని ప్రతి ఉపన్యాసంలోనూ వాడతారు గానీ, అది ఎలా వచ్చిందో చెప్పరు. చాలావరకు అది ఎఫ్‌ఐఆర్ రాసిన అధికారి ఎంచుకున్న కారణం, పరికరంతో కొలిచిన వేగం కాదు. దినేష్ మోహన్, గీతం తివారీ వంటి ఐఐటీ ఢిల్లీ పరిశోధకులు ఏళ్ల తరబడి ఇదే మొత్తుకున్నారు. 'డ్రైవరు తప్పు' అని రాస్తే కేసు తేలిగ్గా మూసేయొచ్చు, రోడ్డు కట్టినవాడి జోలికి పోనక్కర్లేదు. వేగం చంపుతుందన్నది నిజం. ఆ 71 శాతం నిజమా అంటే నమ్మకంగా చెప్పలేం.

వసూళ్ల వాదం

రెండో పక్షం మాట సూటిగా ఉంటుంది: ఇది ఖజానా నింపుకునే పని. రుజువు కూడా చూపిస్తారు. పొడవాటి వాలు చివర, చెట్టు చాటున, నిర్మానుష్యమైన చోట గన్ పెట్టుకుని కాపు కాయడం. ప్రమాదాలు జరిగే కూడలి దగ్గర మాత్రం ఎవరూ ఉండరు.

ఈ అనుమానం మన జనం కల్పించుకున్నది కాదు. బ్రిటన్‌లో 2000 ప్రాంతంలో జరిమానా సొమ్ము కెమెరాలు నడిపే స్థానిక భాగస్వామ్యాలకే ఖర్చుల కింద పోయే పద్ధతి పెట్టారు. జనం గోల పెడితే కెమెరాలకు పసుపురంగు వేయించారు, 2007లో ఆ పద్ధతినే ఎత్తేశారు. అమెరికాలో బాల్టిమోర్ నగరం 2013లో కెమెరాల వ్యవస్థనే మూసుకుంది. అంతకు ముందు ఏడాది 'బాల్టిమోర్ సన్' పత్రిక, ఆగి ఉన్న కారుకు కూడా వేగం చలానా వచ్చిన సంగతి బయటపెట్టింది. కెనడాలోని ఒంటారియో ప్రభుత్వం కెమెరాలు డబ్బులు దండుకునే యంత్రాలంటూ 2025 నవంబరు 14 నుంచి మున్సిపాలిటీల స్పీడ్ కెమెరాలను ఏకంగా నిషేధించింది. మనవాళ్లు పెద్దసంఖ్యలో ఉండే బ్రాంప్టన్, మిసిసాగా శివార్లూ అందులోకే వచ్చాయి. అప్పటికి నాలుగు నెలల ముందే టొరంటోలోని పిల్లల ఆస్పత్రి పరిశోధకులు స్కూలు జోన్లలో వేగం మీరే బండ్లు 45 శాతం తగ్గాయని లెక్క చూపించారు. లెక్క గెలవలేదు. టొరంటో పార్క్‌సైడ్ రోడ్డు మీది కెమెరా స్తంభాన్ని జనం పదేపదే నరికేశారు.

కేరళలో 2023లో 726 ఏఐ కెమెరాలు పెట్టినప్పుడు గొడవ కాంట్రాక్టు మీద వచ్చింది, కేసులు హైకోర్టుదాకా వెళ్లాయి. ఆ 726లో వేగం కోసం పెట్టినవి ఎన్నో చాలామందికి తెలియదు: నాలుగు స్థిరమైనవి, నాలుగు సంచార వాహనాల్లో. తక్కినవాటిలో 675 హెల్మెట్, సీటుబెల్టు, ఫోను చూసేవి. వేగం కంటే హెల్మెట్ మీదే కేరళ ఎక్కువ కెమెరాలు పెట్టింది. మంచో చెడో, ఏది చూడాలో ముందు ఎంచుకుంది.

మన పక్క తెలంగాణ చేసిన పని వసూళ్ల వాదానికి అనుకోకుండా బలమిచ్చింది. పేరుకుపోయిన చలానాలకు 2022లో ఒకసారి, 2023 డిసెంబరులో మరోసారి భారీ తగ్గింపు ప్రకటించారు. రెండోసారి బైకులకు, ఆటోలకు 80 శాతం, కార్లకు లారీలకు 60 శాతం, తోపుడుబండ్లకు ఆర్టీసీ బస్సులకు 90 శాతం మాఫీ. నోటీసు రాగానే కట్టినవాడు పూర్తిగా కట్టాడు. రెండేళ్లు పట్టించుకోని బైకువాడు అయిదో వంతుతో బయటపడ్డాడు. పండగ సేల్ లాంటి ఈ పద్ధతి వల్ల చలానా శిక్షగా కాక బాకీగా మారిపోయింది. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర కాలిపోయి 19 మంది ప్రయాణికుల్ని పొట్టనపెట్టుకున్న బస్సు మీద తెలంగాణలో కట్టని చలానాలు ఉన్నాయని పత్రికలు రాశాయి. చలానా రాశారు, బండి తిరిగింది. ఇందులో కెమెరా తప్పేం లేదు. అది చూసినదాన్ని తర్వాత ఎవరూ చూడలేదు.

ముందు రోడ్డు సంగతి

మూడో పక్షం వేగాన్ని వెనకేసుకురాదు. రోడ్డు కట్టినవాళ్లు, కాపాడాల్సినవాళ్లు తమ పని చేశారా అని అడుగుతుంది. నంద్యాల వరి పండే చోటు. కేసీ కాలువ కింద కోతలు కాగానే వడ్లు ఆరబోయడానికి కల్లం కావాలి. ఊళ్లో కల్లం లేనివాడికి, ఉన్నా చాలనివాడికి నున్నటి నల్లటి తారు కంటే మంచి కల్లం ఏది? కుప్ప చుట్టూ రాళ్లు పేర్చి, రాత్రికి పట్టా కప్పి పోతాడు. రైతును తిట్టి లాభం లేదు, గుడ్డిగా సమర్థించీ లాభం లేదు. ఆ కుప్ప 100 వేగంతో వచ్చే కారుకు గోడ. స్పీడ్ కెమెరా ఆ కారుకు చలానా రాస్తుంది, గోడను చూడదు.

లారీల కథా అంతే. రాత్రంతా తోలిన డ్రైవరుకు నిద్ర ముంచుకొస్తుంది. పక్కకు తీసి పడుకోవడానికి సరైన లే-బై ఎన్ని కిలోమీటర్లకు ఒకటుంది? దాబా ముందు సగం చక్రాలు రోడ్డు మీదే ఉంచి ఆపుతాడు. వెనక రేడియం స్టిక్కరు దుమ్ముకొట్టుకుపోయి ఉంటుంది.

ఇక్కడే 167ఏ నిబంధనను మళ్లీ తెరవాలి. ఈ చర్చలో ఎవరూ పెద్దగా ఎత్తని సంగతి అందులో ఉంది. కెమెరాతో చలానా రాయదగిన నేరాల జాబితాలో వేగం ఒకటి మాత్రమే. ఆపకూడని చోట బండి ఆపడం ఉంది. ఎదురుదారిన రావడం ఉంది. అధిక బరువు ఉంది. సీటుబెల్టు, హెల్మెట్ ఉన్నాయి. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించుకోవడం ఉంది. నల్లగట్ల వంటి ప్రమాదానికి కారణమయ్యే ఆగిన లారీని పట్టుకునే అధికారం కెమెరాకు చట్టం ఇచ్చింది. అయినా మన హైవేల మీద యంత్రమనగానే స్పీడ్ గన్నే గుర్తొస్తుంది. వేగాన్ని కొలవడం తేలిక, ఒక ట్రిగ్గరు చాలు. లారీ ఆగిందని చూపించాలంటే స్థిరమైన కెమెరా, రాత్రి చూపు, తర్వాత దాన్ని పక్కకు లాగే క్రేను కావాలి. తేలికైన నేరాన్నే ఎంచుకుని కష్టమైనదాన్ని వదిలేశాక, ఈ యంత్రం అందరికీ సమానమనడం సగం నిజమే.

వెయ్యి ఎవరికి ఎంత

2024–25లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు 300. అంటే వెయ్యి రూపాయల చలానా ఒక కూలీకి మూడు రోజుల కష్టం దాటుతుంది. హైదరాబాదు నుంచి తిరుపతి పోయే పెద్ద కారు యజమానికి అది దారిలో ఒక పూట భోజనం ఖర్చు. ఒకే జరిమానా ఒకే శిక్ష కాదనే ఈ వాదనకు ఫిన్లాండ్ తన పద్ధతిలో జవాబు చెప్పింది. అక్కడ తీవ్రమైన వేగానికి జరిమానా ఆదాయాన్ని బట్టి ఉంటుంది. 2023లో అక్కడి కోటీశ్వరుడు ఆండర్స్ విక్లోఫ్ 50 జోనులో 82 వేగంతో పోయి 1,21,000 యూరోలు కట్టాడు. ఆదాయాల లెక్కే సరిగా లేని మన దేశంలో అది కుదిరే పని కాదు. కాలిఫోర్నియా దారి కొంత దగ్గరగా ఉంది. 2023 చట్టంతో శాన్‌హోసే, శాన్‌ఫ్రాన్సిస్కో సహా ఆరు నగరాలకు కెమెరాల అనుమతి ఇస్తూ, జరిమానా 50 డాలర్లతో మొదలుపెట్టి, పేదలకు తగ్గింపు, మిగిలిన సొమ్ము రోడ్ల మీద వేగం తగ్గించే పనులకే అని షరతు పెట్టింది.

పేదలకే ఎక్కువ చలానాలు పడే సంగతి ఇంకా సూక్ష్మమైనది. షికాగోలో 2022లో ప్రొపబ్లికా విలేకరులు లెక్కతీస్తే నల్లజాతి, లాటినో ప్రజలుండే ప్రాంతాల ఇళ్లకు తెల్లవారి ప్రాంతాల కంటే దాదాపు రెట్టింపు చలానాలు వెళ్లాయి. కెమెరా రంగు చూడలేదు. ఆ ప్రాంతాల రోడ్లు వెడల్పుగా, కాలిబాటల్లేకుండా, వేగాన్ని పిలిచేటట్టు ఉన్నాయి. అదే ఏడాది ఇంకో అధ్యయనం అవే కెమెరాల వల్ల తీవ్ర ప్రమాదాలు తగ్గాయనీ చెప్పింది. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. మన దగ్గర దీనికి సరిపోలేది రంగు కాదు, బండి కాగితం. సెకండ్ హ్యాండ్ బైకు మూడు చేతులు మారుతుంది, ఆర్‌సీ మొదటివాడి పేరు మీదే ఉంటుంది. రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో తెలియజేయాలని చట్టం చెప్పినా ఆ గడప తొక్కేవాళ్లు తక్కువ. చలానా పాత యజమానికి పోతుంది, నడిపినవాడు హాయిగా తిరుగుతాడు. ప్లేటు వంచేసినవాడికి, అంకె మీద మాస్కు తగిలించినవాడికి అదీ లేదు. నంబరు శుభ్రంగా ఉంచుకుని కాగితాలు సరిచేసుకున్నవాడే యంత్రానికి తేలిగ్గా దొరుకుతాడు.

కాటాకు ముద్ర, గన్‌కు ముద్ర

యంత్రం నిజమే చెబుతుందా? సాంకేతికంగా చూస్తే భయం కొంత ఎక్కువే. గన్‌ను రోడ్డుకు పక్కగా ఏటవాలుగా పట్టుకుంటే వచ్చే పొరపాటు డ్రైవరుకు లాభమే. 20 డిగ్రీల కోణంలో 100 వేగం 94గా కనిపిస్తుంది. అసలు ప్రమాదం గురి తప్పి పక్కబండిని కొలవడంలో, ప్లేటు తప్పుగా చదవడంలో, ఎప్పుడు సరిచూశారో తెలియని పరికరంలో ఉంది. సంత కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర లేకపోతే కేసు రాస్తారు. వేగాన్ని కొలిచే రాడార్ పరికరాలకూ ఆ శాఖ తనిఖీ, ముద్ర తప్పనిసరి చేస్తూ కేంద్రం తెచ్చిన నియమాలు 2025 జులై 1 నుంచే అమల్లోకి వచ్చాయి. అంతకు ముందు ఏళ్ల తరబడి రాసిన చలానాల సంగతి పెద్దగా ఎవరూ అడగలేదు.

తప్పు జరిగితే దిద్దుకునే దారి ఇంకా సన్నగా ఉంది. చట్టం దృష్టిలో చలానా ఒక రాజీ ప్రతిపాదన. కట్టేస్తే అయిపోతుంది, కాదంటే కోర్టు. శిరివెళ్ల మనిషికి హైదరాబాదు శివార్లలో చలానా పడితే వెయ్యి కోసం పని మానుకుని అంత దూరం పోయి వాదిస్తాడా? ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చంటారు. దానికి కారణాలతో జవాబు రావాలి. దీనికి తోడు వాట్సాప్‌లో చలానా పేరుతో వచ్చే దొంగ ఏపీకే ఫైళ్లు. అసలు నోటీసుకీ బ్యాంకు ఖాతా ఊడ్చేసే లింకుకీ తేడా తెలియక రెండింటినీ వదిలేసేవాళ్లున్నారు.

అలిపిరి చీటీ

ఒక చోట, ఒక క్షణంలో కొలవడం కంటే దారి మొత్తానికి సగటు తీయడం న్యాయమనే ఆలోచన ఇప్పుడు పెద్ద సాంకేతిక విప్లవంలా ప్రచారమవుతోంది. తెలుగువాళ్లకు అది పాతదే. అలిపిరి దగ్గరి తిరుమల ఘాట్‌లో బండి ఎక్కేటప్పుడు కనీసం 28 నిమిషాలు, దిగేటప్పుడు 40 నిమిషాలు పట్టాలని టీటీడీ పెట్టిన నియమం అదే. చీటీ మీద సమయం వేస్తారు, ముందుగా చేరితే జరిమానా. చెట్టు చాటు గన్ లేదు, దాపరికం లేదు, నియమం అందరికీ ముందే తెలుసు. లోపమూ అందరికీ తెలుసు. వేగంగా దిగేసి, ఆఖరి మలుపు దగ్గర బండి ఆపి టైము గడిపేవాళ్లు ఉంటారు.

దీన్ని మన హైవేకు అంటగట్టడం అనుకున్నంత సులువు కాదు. ఫాస్టాగ్ సమయాలతో లెక్కేద్దామంటే నన్నూరు టోల్‌గేటుకూ చాగలమర్రి టోల్‌గేటుకూ మధ్య వంద కిలోమీటర్ల పైమాటే. నంద్యాలలో టిఫిను చేసినవాడి సగటు ఎంత దూసుకెళ్లినా చట్టానికి లోబడే కనిపిస్తుంది. ఊరి పొలిమేరల మధ్య నాలుగైదు కిలోమీటర్ల ముక్కలకు రెండేసి కెమెరాలు పెట్టి సగటు తీస్తే ఫలితం ఉంటుంది. బ్రేకు వేసి కెమెరా దాటగానే మళ్లీ తొక్కే అలవాటుకూ అదే విరుగుడు. పక్షాలన్నిటి అభ్యంతరాల్లో ఎక్కువ భాగానికి జవాబిచ్చే పద్ధతి ఇదేనని ఈ సమీక్ష అభిప్రాయం. ఒక్క చిక్కు మాత్రం మిగిలిపోతుంది. సగటు తీయాలంటే నేరం చేయనివాళ్ల నంబర్లు కూడా రికార్డు చేయాలి.

తేలనివి

చలానా పరిష్కారమయ్యేదాకా ఫొటో, వీడియో దాచాలని 167ఏ అంటుంది. నేరం లేని బండ్ల రాకపోకల వివరాలు ఎంతకాలం ఉంచాలి, ఎవరు చూడొచ్చు అన్నదానికి అలాంటి స్పష్టత కావాలి. ముఠాకక్షల చరిత్ర ఉన్న సీమలో ఎవరి బండి ఎప్పుడు ఎటు పోయిందన్నది చిన్న సమాచారం కాదు. జరిమానా సొమ్ము ఏ పద్దులోకి పోతోందో, అందులో ఆళ్లగడ్డ దారిలో లే-బై కట్టడానికి, ధాన్యం కల్లానికి, డివైడర్ సందు సరిచేయడానికి ఒక్క రూపాయైనా తిరిగొస్తోందో లేదో కూడా జనానికి తెలియాల్సిందే.

స్థలాల ఎంపికా అంతే. గత మూడేళ్లలో ఏ కిలోమీటరు రాయి దగ్గర ఎన్ని ప్రమాదాలు జరిగాయో, యంత్రం ఎక్కడెక్కడ పెట్టారో పక్కపక్కన ప్రచురిస్తే వసూళ్ల వాదం నిలుస్తుందో పడిపోతుందో తేలిపోతుంది. ప్రమాద వివరాలు ఇప్పుడు ఈ-డార్ వ్యవస్థలో స్థలంతో సహా నమోదవుతున్నాయి కాబట్టి కొత్తగా సర్వే చేయాల్సిన పని లేదు. ఏడాదిలో వేగానికి ఎన్ని చలానాలు రాశారు, రోడ్డు మీద ఆగిన బండ్లకు ఎన్ని, ఎదురుదారికి ఎన్ని, వాటిలో ఎన్నిటిని జనం సవాలు చేశారు, ఎన్ని రద్దయ్యాయి: నంద్యాల జిల్లా పోలీసుల్ని సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తుతో అడగదగిన ప్రశ్నలివి.